సన్మానం జరిగిన కంప్యూటర్

సన్మానాలంటే చెవి కోసుకునే పానకాలరాయుడు గారని ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయన ఇంటి కంప్యూటర్‌కి ఆయన కొట్టులోనే అద్దెకుండే మెకానిక్ మస్తానమ్మ కొత్త ప్రాసెసర్ వేసింది. మర్నాటికే అది మునుపటికన్నా నత్తనడక పట్టింది.

"నకిలీ సరుకు అంటగట్టావు! నా కొట్టు ఖాళీ చేసి పో!" అని ఆయన ఆమెను ఇంటికి పిలిపించి మరీ కేకలేశారు.

మస్తానమ్మ గబగబా కంప్యూటర్ దగ్గరకెళ్లింది. కంప్యూటర్ పెట్టె చూస్తే, దాని చుట్టూ పట్టుశాలువా! చెయ్యి పెడితే కాలిపోతోంది. కొత్త ప్రాసెసర్ వచ్చిన సంబరంలో ఆయన దానికీ సన్మానం చేసేశారన్నమాట.

తప్పు మీదేనంటే వినే మనిషి కాదు.

"అయ్యా, మీ శాలువాలన్నీ కప్పుకుని ఒక్కసారి మిద్దెక్కి రండి. అప్పుడు చెబుతాను," అంది.

రాయుడు గారు మురిసిపోతూ ఏడు శాలువాలు కప్పుకున్నారు. అసలే మండువేసవి. నాలుగు మెట్లకే చతికిలబడి, "ఊపిరాడటం లేదే, తియ్యి!" అన్నారు.

"అదీ అదే అంటోందయ్యా," అంటూ మస్తానమ్మ ముందుగా కంప్యూటర్ మీది శాలువా లాగేసింది. కాసేపటికి పెట్టె చల్లబడి, కంప్యూటర్ పరుగందుకుంది.

రాయుడు గారు పకపకా నవ్వి, "కొట్టు నీదే అనుకో!" అంటూ ఆ శాలువా ఆమెకు కప్పబోయారు.

మస్తానమ్మ గభాలున వెనక్కి జరిగింది.

"వద్దయ్యా! నాకింకా బోలెడు పనుంది."