పైడయ్య లారీ చూపులు

పిల్లలూ, ఇది చాలా చిన్న కథ. నోట్లో వేసుకున్న వక్కపలుకు నలిగేలోపు అయిపోతుంది.

అనగనగా, మరీ అంత అనగనగా కాదు, లోకంలో లారీలు పుట్టిన తరవాత, గవ్వలపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఎవరినీ ఎవరూ నమ్మేవారు కాదు. పాలల్లో నీళ్ళు కలుస్తున్నాయని ఊరికి అనుమానం. ఊరి కళ్ళు తన గేదె మీద పడుతున్నాయని పాలవాడికి అనుమానం. దర్జీ యర్రయ్య గుడ్డ మిగుల్చుకుంటాడని మాత్రం ఇద్దరికీ అనుమానమే. యర్రయ్య మనవల చొక్కాలు ఊళ్ళోవాళ్ళ చొక్కాల రంగుల్లోనే ఉంటాయి. అవి మిగిలిన గుడ్డలు కావని, ఊరందరికీ తన మనవల రంగులే నచ్చుతున్నాయని యర్రయ్య అంటాడు. ఒకరి సంగతి మనకెందుకు.

ఈ యర్రయ్యే ఒకసారి లారీలో జీడిపప్పు బస్తాల మీద పడుకుని కలకత్తా దాకా వెళ్ళొచ్చాడు. పోతూ నిద్రపోయాడు, వస్తూ నిద్రపోయాడు. అప్పటినుంచి లారీల విషయంలో ఊరికి పెద్దదిక్కు అతనే.

కథ చిన్నదన్నాను కదా. ఇప్పుడు మొదలవుతుంది.

ఆ ఊళ్ళో పైడయ్య అనే డ్రైవరు ఉండేవాడు. కనకరాజు అనే ఆసామి లారీని ఏళ్ళ తరబడి తోలాడు. తోలి తోలి, ఒకరి లారీ తోలడం కన్నా సొంత లారీ తోలడం సుఖమని కనిపెట్టాడు. కొత్త లారీ కొనే స్తోమత లేదు. పాతదే చూసుకోవాలి. దానికైనా ఒకే దారి ఉంది. పెళ్ళాం మరిడమ్మకు పుట్టింటివారిచ్చిన జీడితోట.

మరిడమ్మ కాదనలేదు. ఒక్క మాట మాత్రం అంది.

"తోట అమ్ముతాను మావా. వచ్చిన లారీ ఇంటి ముందు నిలబడిపోయిందా, తోటా ఉండదు, లారీ ఉండదు. నువ్వు మళ్ళీ కనకరాజు గుమ్మం ముందు నిలబడాలి. అది గుర్తుపెట్టుకుని చూడు."

పైడయ్య గుర్తుపెట్టుకున్నాడు. కనకరాజు కూడా మరిచిపోనివ్వలేదు. "ఒరే పైడీ, నీ లారీ ఘాటురోడ్డులో ఆగిపోతే బెంగపడకు. నా లారీకి తాడు కట్టి లాగిస్తాను" అని టీకొట్టు దగ్గర అందరూ వినేలా దీవించాడు.

గవ్వలపాలెంలో పాత లారీ కొనడమంటే పిల్లను చూసుకోవడం లాంటిదే. లారీ చూపులంటారు. మంచిరోజు చూసుకోవాలి. లారీ ఉన్న ఆసామి ఒకరు, లోకం చూసిన పెద్దమనిషి ఒకరు వెంట ఉండాలి. ఫలానా రోజు ఫలానా వేళకు వస్తున్నామని అమ్మేవాళ్ళకు ముందుగా కబురు పెట్టాలి. కబురు లేకుండా వెళ్ళేవాళ్ళను మర్యాదస్తులనరు. కాబట్టి లారీ ఉన్న ఆసామిగా కనకరాజు, లోకం చూసిన పెద్దమనిషిగా యర్రయ్య బయలుదేరారు. పైడయ్య తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. అది యర్రయ్య కుట్టిందే. కొంచెం బిగుతు.

మొదటి లారీ శేషాచలం అనే వ్యాపారిది. దాని ఒంటినిండా నెమళ్ళు, తామరలు. బంపరుకు వెండిరంగు. శేషాచలం ఉప్మా పెట్టించాడు. ఉప్మాలో జీడిపప్పు కనబడగానే లారీ మంచిదేనని యర్రయ్య తేల్చేశాడు. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజను పలికింది. పైడయ్యకు గుండె నిండిపోయింది. ఎందుకో చెయ్యి ఇంజను మీద వేశాడు. చుర్రుమంది.

"పొద్దున్నించీ కదల్లేదన్నారు, ఇంత వేడేమిటండీ?" అని అడిగాడు.

"ఎండ" అన్నాడు శేషాచలం.

లారీ రేకుల షెడ్డులో నీడన ఉంది. పైడయ్య చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వేడి సంగతి పైడయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. చల్లబడ్డ ఇంజను కడుపులోని రోగాలన్నీ తెల్లవారుజామున బయటపెడుతుంది. ఒకసారి వేడెక్కిందా, ముసలి లారీ కూడా పడుచుదానిలా పలుకుతుంది. ఈ మాట అంబలి తాగుతూ పైడయ్య రోజూ మరిడమ్మకు చెప్పేవాడు. అంతెందుకు, వెనకటి లారీని కనకరాజు వదిలించుకున్నప్పుడు, కొనేవాళ్ళు వచ్చేలోపు ఇంజను వేడిచేసి పెట్టింది పైడయ్యే. పాపం, ఉద్యోగం.

రెండో లారీ వరహాలు అనే భక్తుడిది. రంగులు లేవు గానీ ముందు అద్దానికి పూలదండ, బంపరుకు నిమ్మకాయలు, నుదుటి మీద పసుపు, కుంకుమ ఉన్నాయి. వీళ్ళు వెళ్ళేసరికి వరహాలు దానికి హారతిస్తున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇది లారీ కాదు, మా ఇంటి ఆడపడుచు అన్నాడు. కనకరాజు లెంపలు వేసుకున్నాడు. పైడయ్య మాత్రం తిన్నగా వెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ చుర్రుమంది.

"హారతి వేడి" అన్నాడు వరహాలు.

చల్లారేదాకా కూర్చుంటామని పైడయ్య అన్నాడు. దుర్ముహూర్తం వస్తోందని, ఇవాళ్టికి ఇంతేనని వరహాలు గేటు వేసేశాడు.

ఇక గవ్వలపాలెంలో అనుమానాలు అంబలిలా ఉడికాయి. రెండుసార్లూ మనం వెళ్ళేసరికి ఇంజను వేడిగా ఉందంటే, మన రాక ఎవరో ముందే చేరవేస్తున్నారు. ఎవరు?

యర్రయ్య నోట్లో నువ్వుగింజ నానదు, అతనేనన్నాడు కనకరాజు. పైడయ్య బాగుపడితే తనకు డ్రైవరు ఉండడని కనకరాజే చేయిస్తున్నాడన్నాడు యర్రయ్య. పైడయ్య ఇద్దరినీ అనుమానించాడు. ఇద్దరూ చాలనట్టు టీకొట్టువాడినీ అనుమానించి, టీ మానేశాడు. ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చుని, మూడు వైపులకు తిరిగి మాట్లాడుకునేవారు.

ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ మరిడమ్మ నెమ్మదిగా అడిగింది.

"అసలు ఎవరొస్తున్నారో, ఎప్పుడొస్తున్నారో వాళ్ళకు ఎవరు చెప్పారు మావా?"

"నేనే కబురంపాను. చెప్పకుండా వెళ్తే మర్యాదేనా?"

"మరి దొంగ దొరికాడు కదా."

"ఎవరు?" అన్నాడు పైడయ్య కంచం పక్కకు జరిపి.

మరిడమ్మ మజ్జిగ పోసి వెళ్ళిపోయింది. ఆమె కనకరాజు పేరు చెప్పబోయి ఆగిందని పైడయ్య నిద్రపోయేదాకా అనుకున్నాడు.

మూడో లారీ పక్క ఊళ్ళో దాలినాయుడు అనే ముసలి డ్రైవరుది. చూపు మందగించి తోలడం మానేశాడు. గురువారం ఉదయం తొమ్మిదింటికి వస్తున్నామని పైడయ్య యథాప్రకారం కబురంపాడు. ఈసారి గుట్టు దాటకూడదని కనకరాజు, యర్రయ్యల చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. దాలినాయుడికి కబురు పంపింది మాత్రం తనే.

మంగళవారం మరిడమ్మ చెల్లెల్ని చూసొస్తానని వెళ్ళింది. ఆ చెల్లెల్ని ఇచ్చింది దాలినాయుడి ఊళ్ళోనే. బుధవారం ఇంకా కాకులు లేవకముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ దాలినాయుడి వాకిట్లో ఉన్నారు.

లారీ మాసిపోయి ఉంది. అద్దం మూలన పగులు. తలుపు మీద ఒకప్పుడు ఏదో బొమ్మ ఉండేదని అనుకోవాలి. మరిడమ్మ ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. తడిసిన కుండలా చల్లగా ఉంది.

దాలినాయుడు చెంబుతో బయటికొచ్చాడు. వచ్చింది పైడయ్య పెళ్ళామని చెల్లెలు చెప్పింది. "రేపు గదా వస్తామన్నారు? ఇంకా కడగనైనా లేదమ్మీ."

"కడగకు బాబాయ్. ఒకసారి స్టార్టు చెయ్యి."

ముసలాయన ఆమె వంక అనుమానంగా చూశాడు. పొద్దున్నే లారీ ఎత్తుకుపోవడానికి ఆడవాళ్ళు రావడం అతను వినలేదు. అయినా ఎక్కి తాళం తిప్పాడు. లారీ ఒకసారి దగ్గింది. నల్లగా కొంత పొగ వదిలింది. ఆ తరవాత పొగ తేరిపోయి, ఇంజను ఒకే శ్రుతిలో ఆడింది.

"నాలాగే, పొద్దున్న ఒక్క దగ్గు. అంతే" అన్నాడు దాలినాయుడు. తరవాత అడక్కుండానే చెప్పాడు. "కుడివేపు వెనక, బరువు మోసే కమాను కట్టల్లో ఒక ఇనపబద్ద విరిగింది, మార్చాలి. వానొస్తే కేబిన్‌లో ఎడమవేపు కారుతుంది. క్లీనరు కూర్చునే చోటని నేను పట్టించుకోలేదు."

మరిడమ్మ అక్కడితో ఆగలేదు. చాసిస్ మీది నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటేనో కాదో చెల్లెలి చేత చదివించింది. చెల్లెలి మొగుడి జీడిగింజల బస్తాలు ఎక్కించి, చెల్లెలి మరిది చేత తోలించి, తను పక్కన కూర్చుని ఘాటు ఎక్కి దిగింది. ఎక్కేటప్పుడు ఇంజను రొప్పలేదు, దిగేటప్పుడు బ్రేకు వేస్తే లారీ మాట విన్నది. సాయంత్రానికి బేరం తెగింది, తోట డబ్బు చేతులు మారింది.

గురువారం తొమ్మిదింటికి పైడయ్య బృందం దాలినాయుడి వాకిట్లో దిగింది. లారీ లేదు. నిన్ననే అమ్ముడుపోయిందని చెప్పి ముసలాయన ముగ్గురికీ టీ ఇచ్చాడు. తిరుగుదారి పొడుగునా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. లారీ కొట్టేసింది కనకరాజేనని మిగిలిన ఇద్దరికీ అనుమానం. ఆ ఇద్దరూ కలిసిపోయారని కనకరాజుకు అనుమానం.

ఇంటికొచ్చేసరికి దాలినాయుడి లారీ పైడయ్య ఇంటి ముందు ఉంది. అప్పుడే వచ్చి ఆగింది. పైడయ్య పరుగున వెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు.

"వేడిగా ఉంది మరిడీ. మోసపోయాం."

"ఇప్పుడేగా తోలుకొచ్చారు. రేపు కాకులు లేవకముందు పెట్టి చూడు చెయ్యి" అంది మరిడమ్మ.

చూశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పాడు. ఒక్క దగ్గు దగ్గి, ఆడింది. పైడయ్య స్టీరింగుకు తల ఆనించి కాసేపు లేవలేదు. నిద్రపోయాడని యర్రయ్య ఊళ్ళో చెప్పాడు.

ఆ లారీ ఘాటురోడ్డులో ఎప్పుడూ ఆగిపోలేదు. కనకరాజు లారీ కూడా ఆగిపోలేదు. ఆగి ఉంటే, పైడయ్య తాడు కట్టి లాగి ఉంటే, కథకు బాగుండేది. కానీ ఆగలేదు.

తోట మరిడమ్మది కాబట్టి లారీ మరిడమ్మ పేరున రాశారు. తలుపు మీద కూడా ఆ పేరే ఉంది. పైడయ్య ఇప్పటికీ డ్రైవరే. పొద్దున్నే ఓనరుకు చెప్పి బయలుదేరతాడు.

కాబట్టి పిల్లలూ, దేని గుణమైనా తెలియాలంటే అది ముస్తాబు కాకముందే వెళ్ళి చూడాలి. గుట్టు ఎవరు బయటపెట్టారని ఊరందరినీ అనుమానించే ముందు మనమే ఏం చెప్పి వచ్చామో గుర్తుచేసుకోవాలి.