పేరమ్మ తీసేసిన విస్తరి

విరజాపురం నుంచి సముద్రం దాటి వెళ్ళిన జనం మిరియాల దీవిలో ఊరు కట్టుకున్నారు. అక్కడ పేరమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. చుట్టాల దగ్గర మాత్రం భోజనానికి వెల తీసుకునేది కాదు.

శత్రువులు దీవి మీదికి వస్తే విరజాపురం రాజు సేనను పంపాడు. యుద్ధం ముగిసేదాకా సేనాపతి దండపాణి, అతని పటాలం పేరమ్మ ఇంట్లోనే తిన్నారు. వెల అడిగితే, "మనమంతా ఒక్కింటివాళ్ళం. చుట్టాలకు వెలేమిటి పేరమ్మా?" అనేవాడు దండపాణి.

మరుసటి ఏడు అతనే పన్ను వసూలుకు వచ్చాడు. "మీకోసం చేసిన యుద్ధం. ఖర్చు మీరే కట్టాలి" అని ఊరంతా చాటించి, పేరమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు.

పేరమ్మ విస్తరి వేసి, "మరి చుట్టాల దగ్గర యుద్ధానికి వెలేమిటి బాబూ?" అంది.

దండపాణికి ఒళ్ళు మండింది. "ఎవరికి ఎవరు చుట్టాలు?" అని వాకిట్లో చేరిన ఊరంతా వినేలా అరిచాడు.

"అలాగే బాబూ. అయితే మీ పటాలం తిన్న తిండికి వెల ఇప్పించండి. అందులోంచే పన్ను కడతాం."

తిన్నదంతా గుర్తొచ్చి దండపాణి గొంతు తగ్గించాడు. "ఏదో కోపంలో అన్నాను. మనం ఒక్కింటివాళ్ళమే. పన్ను వద్దులే, వడ్డించు."

పేరమ్మ వేసిన విస్తరి తీసేసింది.

"ఇందాకటి మాట ఊరంతా వినేసింది బాబూ. ఇక ముందు డబ్బు, తర్వాతే అన్నం."