వెనక దీపాలు

లదాఖ్‌లో కొండమీది ఒక బౌద్ధమఠంలో రిగ్జిన్ శిష్యుడు. మఠం జీపు నడిపేది అతనే. చలికాలం రాకముందే బ్యాటరీ మార్పించాడు, చక్రాలకు కట్టే గొలుసులు సరిచూశాడు, రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టకుండా మందు పోయించాడు. తనంత త్వరగా కొండ దిగేవాడు లేడని అతని ధీమా.

ఒకరోజు ఉదయం, మఠంలో వంట చేసే నోర్ఫెల్ తాతకు ఊపిరి అందలేదు. కింద పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోవాలి. జీపును మంచు కప్పేసి ఉంది. రిగ్జిన్ ముందద్దం మీద అరచేయంత మేర మంచు గీకి, ఇంజన్ స్టార్ట్ చేశాడు.

గురువు తాతను వెనక సీట్లో కూర్చోబెట్టి దుప్పటి కప్పాడు. తను మాత్రం ఎక్కలేదు. చీపురు తెచ్చి జీపు పైకప్పు ఊడ్చాడు. అద్దాలన్నీ శుభ్రం చేశాడు.

ప్రాణం మీదికొస్తే ఈ ఊడ్పులేమిటని రిగ్జిన్ గొణిగాడు. తాత ఆయాసపడుతూనే అన్నాడు: "ఊడవనీరా. ఆ కంతలోంచి చూస్తూ నువ్వు నడిపితే, నేను ఆసుపత్రిదాకా పోనక్కర్లేదు."

గురువు జీపు వెనక వంగి, శాలువా కొసతో ఎర్ర దీపాలు తుడుస్తున్నాడు.

"గురువుగారూ, మనం పోయేది ముందుకు కదా. ఆ దీపాలు మనకు కనపడను కూడా కనపడవు."

"అవును, మనకు కనపడవు," అన్నాడు గురువు. రెండో దీపం కూడా తుడిచి, వచ్చి కూర్చున్నాడు.

కనుమ దగ్గర మంచు తెరలా కమ్మేసింది. గురువు తన భుజం మీద చెయ్యి వేసినప్పుడల్లా రిగ్జిన్ వేగం తగ్గించాడు. దీపాలు వేసుకుని, బ్రేకు తొక్కకుండా, చిన్న గేరులోనే మెల్లగా దిగారు.

ఆసుపత్రిలో నర్సు తాతకు ఆక్సిజన్ పెట్టింది. డాక్టరమ్మ మాత్రం లేదు. పై ఊళ్లో కాన్పు చూసి రావాలట. ఈ మంచులో వస్తుందో రాదో చెప్పలేనంది నర్సు. తాత పెదవులు నీలం తిరుగుతున్నాయి. రిగ్జిన్ గుమ్మంలో నిలబడిపోయాడు.

అంతలోనే ఒక కారు వచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగి, లోపలికి పరుగెత్తింది.

తాత ఊపిరి కుదుటపడ్డాక, బయట ఉన్న జీపు ఎవరిదని ఆమె అడిగింది. మాదేనన్నాడు రిగ్జిన్.

"కనుమ దగ్గర రోడ్డే కనపడలేదు. కారు ఆపేసి అక్కడే ఉండిపోదామనుకున్నాను. ఇంతలో మీ ఎర్ర దీపాలు కనిపించాయి. వాటి వెంటే వచ్చేశాను."

రిగ్జిన్ గురువు వైపు చూశాడు. ఆయన తాత కాళ్లమీద దుప్పటి సర్దుతున్నాడు.

సాయంత్రం ఇద్దరూ బయటికి వచ్చేసరికి జీపు మీద మళ్లీ మంచు. రిగ్జిన్ నేరుగా జీపు వెనక్కి నడిచి, కోటు చేతితో దీపం తుడవబోయాడు.

గురువు తన శాలువాలో తడవని కొస వెతికి, అతనికి అందించాడు.