అన్నాల వేళ నిద్రపోయిన టవరు

దక్షిణామూర్తి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఫలానా చోటికి వెళ్ళి ఫలానా వస్తువు తెమ్మనో, ఎవరినైనా పలకరించి రమ్మనో పంపేవారు. ఆ పనికీ తన ప్రశ్నకీ సంబంధం ఏమిటో వెళ్ళేవాడికి తెలిసేది కాదు. ఆయన ఇంజనీరింగు కాలేజీలో వైర్‌లెస్ పాఠాలు చెప్పి విరమించి, బెజవాడలో ఒక చిన్న వాటాలో అద్దెకు ఉండేవారు. చదువు అయిపోయి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు కూడా ఆయన దగ్గరికి వస్తూనే ఉండేవారు.

వాళ్ళలో వంశీధర్ చురుకైనవాడు. సెల్‌ఫోను టవర్లు నడిపే ఒక కంపెనీలో, వాటి కరెంటు ఖర్చు తగ్గించడం అతని ఉద్యోగం. టవరన్నది మనుషులు మాట్లాడినా మాట్లాడకపోయినా కరెంటు తాగుతూనే ఉంటుందట. అందుకని ఎవరూ మాట్లాడని వేళ చూసి దాన్ని నిద్రపుచ్చే పథకం ఒకటి తయారు చేశాడు. ఆ కాసేపూ పక్క టవరు ఆ చోటును కూడా చూసుకుంటుంది. ఎప్పుడు నిద్రపుచ్చాలో, ఎప్పుడు లేపాలో కంప్యూటరే గమనించి చేస్తుంది. కృష్ణా డెల్టాలో ఒక కాలువ పొడుగునా దీన్ని ఆ తొలకరి నుంచి నడిపి చూశారు. ఊళ్ళ మీది టవర్లను వదిలేసి, పొలాల మధ్య ఉన్నవాటిని మధ్యాహ్నం పూట నిద్రపుచ్చారు. కరెంటు బాగా మిగిలింది.

ఆ కబురు చెప్పడానికి వంశీధర్ గురువు దగ్గరికి వచ్చాడు. ఏ నెలో చెప్పలేను గాని కుప్పలు నూర్చే రోజులు.

"ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు మాస్టారూ. రేపు మధ్యాహ్నం రెండింటి దాకా గడువు. పథకాన్ని ఆమోదించాల్సిన మా ఆరుగురిలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆలోగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత డెల్టా అంతటా పెడతారు."

"నీకేమీ అభ్యంతరం లేదా?"

"పథకమే నాది. నేనెందుకు చెబుతాను?" అని నవ్వి, మళ్ళీ తనే అడిగాడు. "మీ ముఖం చూస్తే మెచ్చుకున్నట్టు లేదు. ఎవరికీ అక్కరలేని వేళ ఆపాం. ఎవరికీ నష్టం లేని పొదుపులో తప్పేముంటుంది మాస్టారూ?"

దక్షిణామూర్తి గారు లేచి వెళ్ళి, వంటింట్లోంచి ఖాళీ గోతం ఒకటి తెచ్చి అతని చేతికిచ్చారు.

"శివారు పొలాల్లో నాంచారమ్మ అని ఒకావిడ ఉంది. ఏటా కొత్త బియ్యం ఆవిడ దగ్గరే కొంటాను. ఈ ఏడు కబురు లేదు. రేపు వెళ్ళి పట్టుకురా."

శివారు అంటే కాలువ చిట్టచివర. నీళ్ళు అందరినీ దాటుకుని, మిగిలితే అక్కడికి వస్తాయి. వంశీధర్ బస్సు దిగి, కాలువ గట్టు వెంట చాలా దూరం నడిచి వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాంచారమ్మ కళ్ళంలో ఒక్కతే నిలబడి ధాన్యం తూర్పారబడుతోంది. చేటలోంచి జారుతున్నదాంట్లో కాళ్ళ దగ్గర పడేది కొంచెం, గాలికి ఎగిరిపోయేదే ఎక్కువ. దక్షిణామూర్తి గారి పేరు చెబితే ఆమె చేట దించి, అతని చంకలోని గోతం వైపు చూసింది.

"ఇంత గోతమెందుకు తెచ్చావు బాబూ? దోసిలి పట్టినా సరిపోయేది."

"పంట రాలేదా అమ్మా?"

"చేను వచ్చింది. గింజ రాలేదు." వంగి, ఎగిరిపడ్డదాంట్లోంచి పిడికెడు తీసి అతని చేతిలో పోసింది. బరువే తెలియలేదు. అంతా తాలు, గింజ లేని పొట్టు. "వెన్ను తీసే ముందు, పొట్ట మీద ఉండగా నీళ్ళు తప్పాయి."

"కాలువలో నీళ్ళు లేవా?"

"కాలువలో ఉన్నాయి. నాకు తెలియలేదు."

ఆమె చెప్పింది ఇది. శివారుకు వంతు వచ్చిన రోజున కూడా పైచేలవాళ్ళు గట్టు మీద ఉన్నంతసేపూ నీళ్ళు కిందికి దిగనివ్వరు. వాళ్ళు అన్నాలకు ఇళ్ళకు వెళ్ళిన వేళ చూసి, కాలువ నీళ్ళు వదిలే లస్కరు ఏసోబు ఊరి దగ్గరి పై తూములు దించి, నీళ్ళు ఇటు వదులుతాడు. వదలగానే నాంచారమ్మ ఫోను ఒకసారి మోగించి ఆపేస్తాడు. ఆమె ఎక్కడ కూలికి వంగి ఉన్నా పరుగున వచ్చి తన తూము ఎత్తుకోవాలి. పైవాళ్ళు చేతులు కడుక్కుని తిరిగి వచ్చేలోపల ఎంత పారితే అంతే. ఎత్తేవాళ్ళు లేకపోతే ఆ నీళ్ళు పోయి మురుగు కాలువలో పడతాయి. ఆ మోత విని లేచి నాలుగేళ్ళుగా ఆమె ఆ కౌలు చేను పండించుకుంటోంది.

"ఫోను ఎత్తి మాట్లాడరా?" అన్నాడు వంశీధర్.

"మోచేతి దాకా బురదతో ఎవరు మాట్లాడతారు బాబూ? మాట్లాడేదేముంది? మోగితే నీళ్ళు. మోగకపోతే లేవు."

ఈ ఏడు మోగలేదు. పక్క చేలల్లో నాట్లేస్తూ, కలుపు తీస్తూ, మధ్యాహ్నమంతా నడుముకు కట్టుకున్న ఫోను తడుముకుంటూ ఉండిపోయింది. వంతు తర్వాత వంతు పోయింది. ఫోను పాడైందేమోనని టౌనుకు తీసుకెళితే, అక్కడ నిక్షేపంలా మోగింది. అయినా బ్యాటరీ మార్పించుకుంది.

ఇంతలో గట్టు మీద సైకిలు ఆగింది. తల మీద తుండు చుట్టుకున్న నడివయసు మనిషి. ఏసోబే. నాంచారమ్మ అతన్ని చూసి ముఖం తిప్పుకుని చేట అందుకుంది.

ఏసోబు కొత్త మనిషిని పలకరించి, ఆమెకు వినబడేటట్టే అన్నాడు. "చేను ఎండబెట్టింది నేనేనని ఊరంతా చెబుతోందండి ఈవిడ. నేను వదిలినప్పుడల్లా చేశాను. ఎప్పుడు చేసినా అందుబాటులో లేరనే చెబుతుంది అందులో ఆడమనిషి. ఫోను ఆపుకుని పడుకునే మనిషికి నీళ్ళెందుకండీ?"

"ఆపలేదని పదిసార్లు చెప్పాను. పైవాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నాడో, ఇప్పుడు నా మీద పెడుతున్నాడు."

"నీ కూతురి పెళ్ళిలో పందిరి గుంజలు పాతిన మనిషిని నేను. నన్నా మాట అంటావా నాంచారమ్మా?"

"అంటాను. చేను చూసి అంటున్నాను."

వంశీధర్ తన ఫోను తీసి చూశాడు. పైన సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. తలెత్తి చూస్తే, రెండు చేల అవతలే టవరు నిలబడి ఉంది. పక్క టవరు ఆ చోటును చూసుకుంటుందని అతనే లెక్క కట్టాడు. రోడ్డు మీద చూసుకుంటుందేమో. గట్టు కింద, పల్లపు చేలల్లో చూసుకోవడం లేదు. మాటలు లేని వేళను వెతికినప్పుడు ఒకసారి మోగి ఆగిపోయే ఫోన్లను అతని కంప్యూటరు లెక్కలోకే తీసుకోలేదు. ఎవరూ ఎత్తలేదు కాబట్టి అవి మాటలు కావు.

గట్టు మీదివాళ్ళు అన్నాలకు వెళ్ళే వేళ, ఫోన్లు మూగబోయే వేళ, ఈమెకు నీళ్ళు వచ్చే వేళ, మూడూ ఒకటే.

"మీ ఫోను బాగానే ఉందమ్మా," అన్నాడు. "ఆయన చేసిన మాట కూడా నిజం. ఆ టవరు ఈ వేళప్పుడు పని చేయదు. ఆపాం."

"ఎవరు?"

"నేను."

నాంచారమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎందుకు బాబూ?"

"ఈ వేళ ఎవరూ మాట్లాడుకోవడం లేదని."

ఆమెకు కోపం రాలేదు. అర్థం కానిది ఏదో అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు టవరు వైపు చూసింది. "నిజమే. మేం మాట్లాడుకోం," అంది.

ఏసోబు గట్టు మీదే చతికిలబడ్డాడు. తల మీది తుండు విప్పి ముఖం తుడుచుకుని, "అయితే మరి..." అని నాంచారమ్మ వైపు చూశాడు. ఆమె చూడలేదు. అన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు.

"ఇకమీదట ఇలా జరగదమ్మా. వచ్చే పంటకు ఆపకుండా చూస్తాను."

"వచ్చే పంట ఎక్కడిది? శివారుకు నీళ్ళు ఎక్కవని కామందు కౌలు తీసేశాడు. చేపల చెరువు తవ్విస్తున్నాడు. ఈ చేలో మెడలోతు నీళ్ళు నిలబెడతారంట బాబూ." నవ్వబోయి మానుకుంది. "నీళ్ళు రావని తీసుకుని."

వంశీధర్ చేతిలోని తాలు గోతంలో వేసి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది. ఈ ఒక్క చేను పోయింది, సరే. రెండింటిలోగా ఒక్క మాట చెబితే డెల్టాలో తక్కిన శివారులన్నీ మిగులుతాయి. ఆఫీసుకు ఫోను చేశాడు, పోలేదు. గట్టెక్కి చేయి పైకెత్తి పట్టుకున్నాడు. టవరు కిందికే వెళ్ళి నిలబడితే మాత్రం ఏమవుతుంది, అది నిద్రపోతోంది. ఎన్ని గంటలకు లేస్తుందో అతనికి బాగా తెలుసు. రెండు దాటాక. ఏసోబు సైకిలు ఇస్తే ఎక్కి, గోతుల గట్టు మీద పడుతూ లేస్తూ రోడ్డు వైపు తొక్కాడు.

రోడ్డు కనబడే మలుపులో ఫోను ఒక్కసారిగా గలగలమంది. అన్నీ అభినందనలే. వాటి పైన ఆఫీసు నుంచి వచ్చిన ముక్క: గడువులోగా అభ్యంతరాలేవీ రానందున పథకం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

పై అధికారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు. ఆయన మర్యాదగానే విన్నాడు. "నాలుగు నిమిషాల ముందు చెప్పినా ఆపేవాణ్ణి వంశీ. ఆర్డర్లు వెళ్ళిపోయాయి. ఏడాది తిరిగాక సమీక్ష ఉంది కదా, అప్పుడు చూద్దాం. అయినా ఫిర్యాదు ఒక్కటీ లేకుండా ఏమని ఆపమంటావు?"

సాయంత్రానికి అతను గురువు ఇంటికి చేరుకున్నాడు. చెప్పులు విడిచి, గోతం ఆయన ముందు పెట్టి, అంతా చెప్పాడు. దక్షిణామూర్తి గారు గోతం మూతి విప్పి చేయి పెట్టి చూశారు. అడుగున ఎక్కడో పిడికెడు తాలు తగిలింది. దాన్ని అరచేతిలో పోసుకున్నారు.

"రెండింటిలోగా చెప్పలేకపోయావా?"

"చెబుదామనే చూశాను మాస్టారూ. గొంతు దాకా వచ్చింది. సిగ్నల్ లేదు."

ఆయన తాలు మళ్ళీ గోతంలోనే పోసి, మూతి ముడి వేశారు.

"అయితే నీ నుంచి కూడా ఫిర్యాదు రాలేదన్నమాట," అన్నారు.