సుంకమ్మ పెట్టిన చుక్క

ఈ కథ మఠం దాటించి బయట మొదట చెప్పినవాడు బేతంచెర్ల మద్దిలేటి. తిరుపాలు అడిగినాడు, కంబగిరయ్య స్వామి చెప్పినాడు, మద్దిలేటి నీళ్లచెంబు పట్టుకొని నిలబడి విన్నాడు. ఆ తర్వాత ఈ కథ చెప్పుకొని తిరిగేవాళ్లు చాలామంది పుట్టినారు. వాళ్లలో ఆ పొద్దు మఠం అరుగు మీద లేనివాళ్లే ఎక్కువ. ఉన్న ఇద్దరిలో ఒకడు దాన్ని తనకు తగినట్టు మార్చుకున్నాడు. ఆ సంగతి చివర వస్తుంది.

కంబగిరయ్య ఊహ తెలిసినప్పటినుంచీ నాపరాయి కొట్టిన మనిషి. కన్ను మసకబారి సుత్తి దించినాక నలుగురు చుట్టూ చేరి స్వామి అన్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమి అడిగినా ముందు వాళ్ల చేతులు తన చేతుల్లో పెట్టమనేవాడు. పట్టుకొని కాసేపు ఊరకుండి, అప్పుడు మాట్లాడేవాడు. మొగానికి నవ్వడం, ఏడవడం మనమే నేర్పుకుంటాం, చేతులకు నేర్పేవాళ్లు లేరు అని ఆయన లెక్క.

తిరుపాలు ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. పెండ్లాం అలిగి పుట్టింటికి పోతే, అతని తల్లి కొడుక్కు చెప్పకుండా వియ్యంకుల ఇంటికి పోయి, కోడల్ని బతిమాలి తెద్దామనుకుంది. మాట మీద మాట పెరిగింది. రావలసిన కోడలు రానేలేదు. ఆ పొద్దునుంచి తిరుపాలు ఒకే వీధిలో ఉండి కూడా తల్లి గడప తొక్కలేదు. ఆ మంట కడుపులో పెట్టుకొని వచ్చి అడిగినాడు.

"మేలు చేయబోయి కీడు చేసిన చెయ్యిని ఏం చేయాల స్వామీ?"

స్వామి అతని చేతులు పట్టుకొని, "నరికేద్దామా?" అన్నాడు.

తిరుపాలు తల వంచుకున్నాడు. స్వామి నవ్వలేదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో తనతోపాటు పనిచేసిన సుంకమ్మ సంగతి ఎత్తుకున్నాడు.

సుంకమ్మది అరగదీసిన బండలను నీళ్లు పోసి కడిగే పని. ఆమెకు ఒక్కతే బిడ్డ, మాధురి. పాలు తాగే వయసులో ఆ బిడ్డకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి కండ్లు తేలేసింది, చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. బయట వాన. వంక పొంగి పారుతోంది, ఏ బండీ దాటదు. వాడలో కాన్పులు చేసే ముసలామె వచ్చి పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చింది. కాల్చి, దాన్ని సుంకమ్మ చేతికిచ్చింది. "వాత కన్నచెయ్యి పెడితేనే పనిచేస్తాదిమే. నేను పెడితే వట్టి కాలుడే" అంది. మొగుడు బిడ్డ కాళ్లు పట్టుకొని మొగం తిప్పుకున్నాడు. సుంకమ్మ తిప్పుకోలేదు. కుడిచెంప మీద కొమ్ము ఆనించింది. చర్మం సుర్రుమంది. బిడ్డ కెవ్వుమంది. ఆ కేకతో పోయిన ప్రాణం తిరిగొచ్చిందని సుంకమ్మ ఆ క్షణాన నమ్మింది. ఆ నమ్మకమే ఆమె ఆస్తి.

చెంప పెరిగేకొద్దీ మచ్చ పెరిగింది. రూపాయి బిళ్లంతై, ముడుచుకొని, ఎండలో నూనె పూసినట్టు మెరిసేది. పెండ్లికి పోయినా, సావుకు పోయినా, సుంకమ్మ నలుగురిలో బిడ్డ గడ్డం పట్టి ఆ చెంప చూపించేది. "ఇదో, ఈ వాతే నా బిడ్డను నిలబెట్టింది" అనేది. బడిలో పిల్లలు మాత్రం మాధురిని ముద్రేసిన కోడె అనేవాళ్లు. ఒక పొద్దు బిడ్డ బడినుంచి వచ్చి దువ్వెన తల్లి చేతిలోనుంచి తీసుకుంది. అప్పటినుంచి తల తనే దువ్వుకుంది, బొట్టు తనే పెట్టుకుంది. తల్లి చెయ్యి మొగం దగ్గరికొస్తే ఈగ వాలినట్టు తల పక్కకు తీసేది. సుంకమ్మకు అది తెలుసు. తెలిసీ ఎన్నోసార్లు చెయ్యి చాచేది, ఎన్నోసార్లు దించుకునేది. తనకు ఇంక ఏం మిగలకపోయినా సరే, ఆ చెంప ఒక్కసారి నిమరనిస్తే చాలనుకునేది.

మాధురి పెద్దదై కర్నూలులో బట్టలషాపులో చేరింది. షాపువాళ్లు ఆమెను బేరాల దగ్గర నిలబెట్టలేదు, వెనక మూటలు విప్పేచోట పెట్టినారు. ఎందుకని ఆమె అడగలేదు. జీతంలో మిగిలింది దాచుకొని చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయింది. లేజర్ చేయించుకుంటానంటే సుంకమ్మ తానూ వస్తానని వెంటపడింది.

"మా బండల్ని అరగదీసినట్టేనా మేడం?" అని సుంకమ్మ అడిగింది.

"అంత మోటుగా కాదులేమ్మా" అంది డాక్టరమ్మ. "వెలుగుతో పైచర్మంలో సన్న సన్న రంధ్రాలు పెడతాం. ఆ గాయాన్ని పూడ్చుకుంటా కొత్తచర్మం వస్తుంది. మొత్తం పోతుందని నేను చెప్పను. చాలావరకు అణుగుతుంది. మానేదాకా ఎండ తగలకూడదు. నేనిచ్చే మందు తప్ప పసుపు, గంధం, పౌడరు ఏవీ తగలకూడదు." తర్వాత మచ్చ మీద వేలు పెట్టి చూసి, ఇదెట్లా పడిందని అడిగింది.

సుంకమ్మ ఆ మాటకోసమే కాచుకున్నదాని మాదిరి వానతో మొదలుపెట్టి అంతా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "చిన్నపిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్స్ చాలావరకు వాటంతటవే ఆగిపోతాయమ్మా. వాతతో పనిలేదు" అంది. చెడ్డగా అనలేదు. వానొస్తోంది గొడుగు తీసుకుపో అన్నట్టే అంది. మాధురి తల్లి వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మాధురి ఒకటికి రెండుసార్లు, మూడుసార్లు పోయింది. పోయినప్పుడల్లా మచ్చ పలచబడింది. ఆఖరుసారి లోతుగా చేసినారు. షాపుకు సెలవు పెట్టి ఇంటికొచ్చేసరికి కండ్లకింద వాచి, చెంపంతా పచ్చిపుండై ఉంది. అద్దం ముందు కూర్చొని మందు వేలికి తీసుకుంది, పూసుకోలేకపోయింది. కాసేపటికి వెనక్కి తిరగకుండానే, "మా, నువ్వు పూయి" అంది.

సుంకమ్మ పెరట్లోకి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లా కడుక్కుంది. బండలు కడిగి కడిగి గరుకుబడిన చేతులవి. వచ్చి, ఊపిరి బిగబట్టి, మందు పూసింది. మాధురి తల పక్కకు తీయలేదు. ఆ పొద్దు సుంకమ్మ అన్నం తినలేదు. ఆకలి గుర్తురాలేదు.

ఆమె డాక్టరమ్మ మాట అక్షరం జవదాటలేదు. కిటికీకి దుప్పటి కట్టింది. పసుపు పూయమని చెప్పవచ్చిన చుట్టాన్ని వాకిట్లోనుంచే పంపేసింది. పొక్కులు అక్కడక్కడ ఊడి, కింద గులాబి రంగు కొత్తచర్మం తడితడిగా కనబడుతున్నప్పుడు, పక్కింటి ఈరమ్మ చింతపండుకని వచ్చింది.

"ఏమ్మే సుంకీ, ఇది నీ బిడ్డేనా? చెంప చూడు, ఇప్పుడే పుట్టిన పాప మాదిరి ఉండాది. ఇంక సినిమావాళ్లొచ్చి ఎత్తకపోతారు పో."

ఈరమ్మ మంచిదే. మనసులో ఏమీ లేదు. అయితే ఆమె పొగిడిన బర్రె మరునాటికి పాలు ఎగ్గొట్టిందని వాడంతా చెప్పుకుంటారు. సుంకమ్మ చింతపండు చేతిలో పెట్టి ఈరమ్మను పంపి, తలుపేసింది. ఇన్నేండ్లూ ఆమె దిష్టికి భయపడలేదు. మచ్చ ఉన్న చెంపకు దిష్టి ఎక్కడిది? ఆ మచ్చే దిష్టిచుక్క. ఇప్పుడు అది పోయింది. బిడ్డ మొగం తలుపులేని ఇల్లైంది.

మధ్యాన్నం మాధురి పండుకొని నిద్రపోయింది. సుంకమ్మ ఆమె పక్కన కూర్చొని ఆలోచించింది. పసుపు వద్దన్నారు, గంధం వద్దన్నారు, పౌడరు వద్దన్నారు. మసి వద్దని ఎవరూ అనలేదు. పొయ్యి దగ్గరికి పోయి పెనం అడుగున వేలు రాసింది, బొట్టంత ఆముదం అద్దింది. చేతులు మాత్రం ముందే శుభ్రంగా కడుక్కుంది. అరికాలికి పెట్టినా దిష్టి పోతుందని ఆమెకు తెలుసు. మొదట వేలు కాలిదాకా పోయింది కూడా. కానీ ఈరమ్మ చూసింది కాలిని కాదు. చూపు తగిలినచోటే చుక్క ఉండాలనుకుంది. కన్నచెయ్యే పెట్టాలనుకుంది. బిడ్డ నిద్ర చెడకుండా, మెల్లగా, పొక్కు ఊడినచోట పెట్టింది.

మాధురి మంటకు లేచింది. నీళ్లతో తుడిచింది, మందుతో తుడిచింది. పైమసి పోయింది, లోపలికి దిగిన మసి పోలేదు. అద్దంలో చూసుకుంటూ, గొంతు పెంచకుండా అడిగింది.

"మళ్లా నీ చెయ్యేనా మా?"

సుంకమ్మ దిష్టి అని చెప్పలేదు, ఈరమ్మ పేరు ఎత్తలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. అవి మళ్లా ముందుకు రాలేదు.

పుండు మానింది. ముడతల మచ్చ వెతికితే తప్ప కనబడనంతగా అణిగింది. దాని నడుమ జొన్నగింజంత నల్లచుక్క నిలబడింది. డాక్టరమ్మ చూసి, ఇది పచ్చబొట్టు మాదిరి చర్మం లోపలికి దిగింది, కొన్నాళ్లు ఆగి రా, దీనికి వేరే లేజర్ ఉంది అంది. ఆ కొన్నాళ్లూ గడిచినాక మాధురి పోయింది. పిలవకపోయినా సుంకమ్మ వెనకాలే పోయి, గది బయట బల్ల మీద కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. లోపల మిషను సన్నగా మోగుతోంది.

"తీసేద్దామా మరి?" అని డాక్టరమ్మ గొంతు.

మాధురి, "వద్దులే మేడం. ఇది పోతే మా అమ్మ ఇంకొకటి పెడుతుంది" అంది.

బయటికొచ్చి, తల్లి ముందునుంచే నడిచి బస్సెక్కింది. సుంకమ్మ వెనక తలుపున ఎక్కి, వెనకనే కూర్చుంది. అప్పటినుంచి సుంకమ్మ ఏ పేరంటంలోనూ ఎవరి నొసటా కుంకుమ పెట్టలేదు. కుంకుమభరిణె తట్టలో పెట్టి, మీరే పెట్టుకోండమ్మా అని జరుపుతుంది.

స్వామి అక్కడితో ఆపినాడు. తిరుపాలు చేతులు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

"ఆ పిల్ల కోపంతో అన్నదా స్వామీ, ప్రేమతో అన్నదా?"

"నాకు చెప్పింది సుంకమ్మ. ఆమెకే తెలీదు" అన్నాడు స్వామి. మద్దిలేటి చేతిలోని చెంబు అందుకొని, తాగి, కింద పెట్టినాడు. "బస్సులో ఆ పిల్ల సంచి పక్కసీట్లో పెట్టకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చుందంట. ఆ సీటు బేతంచెర్ల దాకా ఖాళీగానే వచ్చిందంట."

ఆ మాట అని తిరుపాలు చేతులు వదిలేసినాడు.

తిరుపాలు ఆ సాయంత్రం తల్లి ఇంటికి పోలేదు. పోవాలనే అనుకున్నాడు. కోతలు ముంచుకొచ్చినాయి, ట్రాక్టర్లు వరసగా వచ్చి నిలబడినాయి. తల్లి ఆ చలికాలం దాటలేదు. అతను కొరివి పెట్టినాడు. అప్పటినుంచి మఠంలో అతను చెప్పే కథలో మాధురి ఆ మాట నవ్వుతా అంటుంది, సుంకమ్మ పోయి పక్కసీట్లో కూర్చుంటుంది, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకొని బస్సు దిగుతారు. వినేవాళ్లు కండ్లు తుడుచుకొని లేచిపోతారు.

స్వామి అట్లా చెప్పలేదు. ఆ పిల్ల నవ్విందని గానీ, ఏడ్చిందని గానీ ఆయన నోట రాలేదు. మద్దిలేటి ఇంకా బతికే ఉన్నాడు, అడిగితే చెప్తాడు. మఠానికి పోయేవాళ్లు ఎవరైనా సరే, తిరుపాలు కూర్చొని ఉండగానే, అతని ముందరే, ఈ ఒక్క సంగతి సరిదిద్దండి. ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.