వట్టిచేతుల గంగమ్మ

వెదుళ్లవలస దాటి ఏటి వెంబడి ఎగువకు నడిస్తే, ఇసుక అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట పెద్దమడుగు ఉంది. మడుగు ఒడ్డున రేకుల పందిరి కింద నడుమెత్తున నిలిచిన నల్లరాయే వట్టిచేతుల గంగమ్మ. అమ్మకు కన్నులు లేవు, ముక్కు లేదు. రాతి నడుమ మోచేతి దాకా పట్టే బొరియ ఒకటి, దాని చుట్టూ దట్టంగా పసుపు. అంతే అమ్మ ముఖం. కొత్తగా వచ్చినవారు కొబ్బరికాయ పట్టుకొని, ఎక్కడ కొట్టాలో తెలియక దిక్కులు చూస్తుంటారు. గుడికి వట్టిచేతులతో పోకూడదని చిన్నప్పటినుంచి విన్నాం కదా! ఈ అమ్మ దగ్గరికి మాత్రం వట్టిచేతులతోనే రావాలి. ఇదెక్కడి చోద్యమని ముక్కున వేలేసుకునేవారు కాస్త ఓపిక పట్టి ఈ కథ చదవాలి.

పూర్వం ఇక్కడి బెస్తలు వలకన్నా చేతినే ఎక్కువగా నమ్ముకునేవారు. మడుగు రాళ్ల సందుల్లో పెద్దజెల్లలు ఉండేవి. పొడుగాటి మీసాలు, వీపున ఒకటి, రెండు పక్కలా రెండు గట్టి ముళ్లు ఉన్న చేప అది. మామూలు రోజుల్లో మనిషి నీడ పడితే పారిపోయే జెల్ల, తొలకరి వేళ మాత్రం బొరియ వదలదు. చెయ్యి పెడితే మీదికి వచ్చి కరుస్తుంది. ఇంకేం, మనవాళ్లకు పండగే! వెతికే పని లేదు, తరిమే పని లేదు. దానికి జెల్లకు పొగరెక్కే కాలమని పేరు కూడా పెట్టారు. పొగరు కాదు మహాప్రభో, అది కాపలా. ఆడజెల్ల గుడ్లు పెట్టి వెళ్లిపోతే, పిల్లలు సొంతంగా ఈదేదాకా తండ్రి తిండి మానుకొని గూటిలో కూర్చుంటుంది. ఆ తండ్రిని పట్టుకుపోతే సాయంత్రానికల్లా పీతలూ పరిగె చేపలూ గూడు ఖాళీ చేసేవి.

ఇలా ఏటేటా తండ్రులను తినేసిన ఊరికి మడుగులో జెల్ల కరువైంది. చేపల మీద బతికే నీటికుక్కలు దిగువకు పోయాయి, లకుముకి పిట్టలు కనిపించడం మానేశాయి. అయినా బుద్ధి రాలేదు. పైబొరియల్లో దొరకకపోతే లోతు బొరియల్లోకి చేతులు పెట్టారు. అక్కడ పాములుంటాయి, జారే బండలుంటాయి. ఎర్రన్న అనే పడుచువాడు చెయ్యి ఇరుక్కొని మడుగులోనే ఊపిరి వదిలాడు. అప్పటినుంచి దిగేవాడి నడుముకు తాడు కట్టి, ఒడ్డున ఒక మనిషి పట్టుకోవాలని కట్టుబాటు చేసుకున్నారే తప్ప, దిగడం మానలేదు.

ఎర్రన్న చెల్లెలు పైడితల్లి. ఆమె భర్త పోలయ్య చేతివేటలో అందెవేసిన చెయ్యి. వారికి తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పడలేదు. గంజినీళ్లు పట్టిస్తే పిల్ల కక్కేసేది. జెల్ల పులుసు తాగిస్తే తప్ప పాలు పడవని మంత్రసాని తేల్చేసింది, ఊరంతా అవునంది. పిల్ల ఏడుపు పొద్దుపొద్దుకూ సన్నబడుతుంటే పోలయ్య కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ ఏటిలోకీ తిరిగాడు. ఏ బొరియ తడిమినా బురదే. ఎగువన కొండల మీద మబ్బు కమ్ముతోంది. ఏరు పొంగిందంటే ఇక వేట లేదు. తాడు పట్టే మగవాళ్లందరూ సంతకు పోయారు. వాళ్లు వచ్చేదాకా దిగొద్దని పైడితల్లి తన అన్న ఎర్రన్న పేరు చెప్పి బతిమాలింది. అలాగేలే అన్నాడు పోలయ్య. అన్నాడు గాని కాలు నిలిస్తేనా! పిల్ల ఏడుపు ఒక్కసారిగా ఆగేసరికి తిన్నగా మడుగుకు పరుగెత్తాడు.

మడుగు నడుమ ఉన్న బండ కింద, ఎర్రన్నను మింగిన బొరియ ఒక్కటే మిగిలింది. పోలయ్య గొంతు దాకా నీటిలో నిలబడి అందులోకి చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దాటాక ఏదో వచ్చి వేళ్లను కరిచింది. జెల్ల! ప్రాణం లేచివచ్చినట్టయింది. మొప్పలోకి వేళ్లు పోనిచ్చి, ఆత్రంగా ఒక్క లాగు లాగాడు. ఎన్నేళ్లుగానో ఈ పని చేస్తున్నవాడు చెయ్యకూడని పని అదే. బొరియలో ఉన్న జెల్లను లాగితే ముళ్లు విప్పి రాతికి తన్నిపెడుతుంది. ఒక ముల్లు అతని అరచేతిలో దిగింది, మిగతావి బండకు బిగుసుకున్నాయి. చేప రాదు, చెయ్యీ రాదు. అంతలో ఎగువనుంచి ఎర్రనీళ్లు వచ్చి గడ్డాన్ని తాకాయి.

వదిలితే జెల్ల ముళ్లు ముడుస్తుంది, చెయ్యి వచ్చేస్తుంది. అది పోలయ్యకు తెలుసు. కానీ వదిలితే పిల్లకు పాలెక్కడివి? నీళ్లు పెదవుల దాకా వచ్చాయి. ఇంకోసారి లాగాడు, ముల్లు ఇంకా లోతుకు దిగింది. అప్పుడు మణికట్టు చుట్టూ ఏవో సన్నగా తగిలాయి. జెల్ల పిల్లలు. తండ్రి కడుపు కింద దూరినట్టే అతని చేతి కింద దూరి, చర్మాన్ని నోళ్లతో తడుముతున్నాయి. పాలు లేని రొమ్మును తడుముకునే తన పిల్ల నోరు పోలయ్యకు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ పొగరనుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. నీటిలోనే భోరున ఏడ్చాడు. పిడికిలి వదిలాడు.

నెత్తురోడే చేతితో గుమ్మం ముందుకు వచ్చాడే గాని లోపలికి అడుగు పడలేదు. ఏం మొహం పెట్టుకొని పోతాడు? పైడితల్లి పిల్లను ఎత్తుకొని తనే బయటికి వచ్చింది. చేప ఏదని అడగలేదు. ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని కళ్లకద్దుకుంది.

“సెయ్యి తెచ్చుకున్నావు మావా, సాలు” అంది.

ఆ మాట విని ఎదురింటి కోడలు బంగారమ్మ, తన బిడ్డను చంక దింపి, ఈ పిల్లను రొమ్ముకు అందుకుంది. ఇంత దగ్గర పాలు పెట్టుకొని ఊరంతా మడుగు వైపు చూసింది, చూడండి! పైడితల్లికి తరవాత నిదానంగా పాలు పడ్డాయి, ఏ పులుసూ లేకుండానే.

మర్నాడు మధ్యాహ్నం, ముల్లు పోటుకు జ్వరం వచ్చి పడుకున్న పోలయ్యకు చిన్న కునుకులో గంగమ్మ కనిపించింది.

“నా బిడ్డలకు తండ్రిని వదిలావు. నీ బిడ్డకు తండ్రిని వదిలాను. నేను ఒడ్డుకు వచ్చాను, వెళ్లి చూసుకో” అని పలికింది.

వరద తీశాక వెళ్లి చూస్తే, మడుగు అడుగున ఉండాల్సిన ఆ బొరియరాయి ఒడ్డున నిలబడి ఉంది. మృగశిర కార్తె మొదలు పుష్యమి కార్తె వెళ్లేదాకా మడుగు బొరియల్లో చెయ్యి పెట్టరాదని ఊరు ఒట్టు వేసుకుంది. మృగశిరనాడు చేప తినకుండా ఎలా అని గొణిగినవారు లేకపోలేదు. పోలయ్య మాత్రం ఆ కార్తెలన్నీ ఒకచోట కూర్చోలేక మడుగు చుట్టూ కాపలా తిరుగుతూనే ఉండేవాడు. మరుసటేడు జెల్ల కనబడలేదు, ఆ మరుసటేడూ లేదు. ఒట్టు తీసేద్దామనే మాట లేచింది కూడా. ఆ తరవాత ఒక తొలకరికి ఒడ్డు పల్లంలో జెల్ల పిల్లల గుంపు నల్లగా కదిలింది. నీటికుక్కల అరుపు ఆ వెనక ఎన్నాళ్లకో గాని వినబడలేదు.

నేటికీ ఈ కట్టుబాటు సాగుతోంది. మృగశిర కార్తె ప్రవేశించిననాడు, ఇంట పసిబిడ్డ ఉన్న తండ్రులు ఇక్కడికి వస్తారు. అమ్మ బొరియలో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి, మళ్లీ విప్పి, వట్టిచెయ్యి బయటికి తీయాలి. లోపల చీకటి, చల్లటి తడి. వేళ్లకు ఏదో సన్నగా తగిలిందని కొందరు చెబుతారు. ఔనని గాని కాదని గాని మేము చెప్పము, మీరే పెట్టి చూడండి. ఇక్కడ ప్రసాదం ఇవ్వరు. తిన్నగా ఇంటికి వెళ్లి, గుమ్మం బయట నిలబడి అరచెయ్యి చూపాలి. ఇంటి ఇల్లాలు దాన్ని పట్టుకొని ఆ మాట అంటేనే మొక్కు తీరినట్టు.

“సెయ్యి తెచ్చుకున్నావు, సాలు.”