అడిగినమ్మ రేవు

పూర్వం కళింగతీరానికి తూర్పుగా, సముద్రమధ్యంలో ఒక దీవి ఉండేది. దీవి ఇప్పటికీ ఉంది గాని అప్పట్లో దానికి పేరు లేదు. తీరంలో ఉన్నవాళ్ళు దాన్ని ముందుదీవి అనేవారు, దానికి అవతల దీవులలో ఉన్నవాళ్ళు వెనకదీవి అనేవారు, దీవిలోనే ఉన్నవాళ్ళను మీదే ఊరని అడిగితే ‘ఇదే’ అని కాళ్ళకింద నేల చూపించేవారు. అక్కడికే రావాలని వచ్చినవాడు ఒక్కడూ లేకపోవడం వల్ల పేరుతో ఎవరికీ పనిపడలేదు. పడమటి రేవులో తీరం పడవ దిగడం, కొబ్బరితోటల నడుమ ఊరు దాటడం, తూర్పు రేవులో దీవుల పడవ ఎక్కడం, ఇంతే ఆ ఊరి చరిత్ర. ఎక్కవలసిన పడవ తప్పిపోయి, మరో పడవ వచ్చేలోగా ఊరికే కూర్చోవడమెందుకని ఒక కొబ్బరిమొక్క నాటి, నాటాక అది కాసేదాకా చూద్దామనుకున్నవాళ్ళ సంతానమే ఊరిజనం. మేమూ ఆ సంతానమే కనుక ఈ మాట ఎవరినీ కించపరచడానికి అనడం లేదు.

ప్రయాణమై వెళ్తున్న మనిషిని ఎక్కడికని అడగకూడదన్న నియమం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. మిగతాచోట్ల ఎవరైనా నోరుజారి అడిగితే, వెళ్ళేవాడు విసుక్కుని, కాసేపు అరుగుమీద కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతాడు. ఈ దీవిలో మాత్రం కనిపించిన ప్రతి మనిషీ ఎల్లవేళలా ప్రయాణంలోనే ఉండడం చేత, అడగడానికి అపశకునం కాని సమయమంటూ మిగల్లేదు. అడగకూడనిది చెప్పకూడదు కూడా అని పెద్దలు తీర్మానించారు. పడవలో కాలు పెట్టాక చెప్పవచ్చునన్నారు గాని, కాలు పెట్టేసరికే పడవవాళ్ళు తెరచాప ఎత్తేసి ఉండేవారు. ఎప్పుడో ఎవరో అడిగితే ఒక పడవ తిరిగి రాలేదట. అది ఏ పడవ అన్నదానిపై పెద్దలలో ఏకాభిప్రాయం లేకపోయినా, రాలేదన్నదానిపై ఉంది.

మరి అడగకుండా మనిషిని గమ్యానికి చేర్చడమెలాగ? దానికి వాళ్ళొక ఉపాయం కనిపెట్టారు. తూర్పు రేవు ఇసుకలో ప్రయాణికుడు తన మూటను, దాని ముడి తాను పోవలసిన దీవివైపు తిరిగి ఉండేలా పెట్టి, పక్కన కూర్చోవాలి. పడవవాళ్ళు వచ్చి, ముడి ఎటుందో చూసి, మూట ఎత్తుకుపోతారు. మూట వెనక మనిషి పోతాడు. ఇంత చక్కని పద్ధతి భూమండలంలో మరెక్కడా లేదని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూటకు మేక తగలడం వల్లనో, గాలి విసురు వల్లనో పెళ్ళికి బయలుదేరినవాళ్ళు దినాలభోజనానికి చేరుకోవడం అప్పుడప్పుడూ జరిగేది గాని, దాన్ని పద్ధతిలో లోపంగా కాక ఆ మనుషుల తొందరపాటుగా భావించేవారు.

ఆ పద్ధతికి చిక్కినవారిలో మహానుభావుడు మౌనస్వామి. ఆయన మౌనవ్రతం పట్టి ఏదో తీర్థానికి పోతూ దీవిలో దిగాడు. ఆయనను అడగడానికి ఊరికి వీలులేదు, చెప్పడానికి ఆయనకు వీలులేదు, ముడి చూద్దామంటే సర్వసంగపరిత్యాగి గనుక మూటే లేదు. కొంతకాలం పడవవాళ్ళు వంతులవారీగా ఆయనను ఒక్కొక్క దీవికీ తీసుకువెళ్ళి, ముఖకవళికలు గమనించి, వెనక్కి తెచ్చారు. చివరికి ఊరికి సరిగ్గా నడుమ తాటాకు గోడలతో ఒక గుడిసె వేసి కూర్చోబెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగితే భక్తి అనుకున్నారు.

ప్రయాణికులకు అన్నం పెట్టడానికి ఊళ్ళో రెండు పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. తూర్పు రేవు దగ్గరిది గవరమ్మది, పడమటి రేవు దగ్గరిది సూరీడమ్మది. ఇద్దరూ తోడికోడళ్ళు. అత్తగారు పోయాక వాటాలు వేసుకున్నప్పుడు, రుబ్బురోలు గవరమ్మకూ, అందులో తిరిగే పొత్రం సూరీడమ్మకూ వచ్చాయి. న్యాయంగా పంచామని పెద్దమనుషులు సంతోషించారు. ఆనాటినుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. గవరమ్మ రోట్లో కోళ్ళు నీళ్ళు తాగేవి. సూరీడమ్మ పొత్రం, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికివచ్చేది. ఏ ఇంట్లోనూ అట్టు అన్నది లేక ప్రయాణికులు గంజి తాగి పడవ ఎక్కేవారు. గుడిసెకు ఇవతల గవరమ్మ రాజ్యం, అవతల సూరీడమ్మ రాజ్యం. గవరమ్మకు పురుడుపోసే విద్య కూడా తెలుసు. దీవి మొత్తానికి ఆ విద్య ఆమెకొక్కతెకే తెలుసునన్న సంగతి ఆమె ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

ఇలా ఉండగా కళింగతీరంలో ఆదెమ్మ అనే పల్లెపడుచు ఒకతె, పడుచుతనం పోయి తల నెరిసేదాకా తన ఇలవేల్పును భక్తితో కొలుస్తూ ఉండేది. ఆ ఇలవేల్పు కొబ్బరికాయంత గుండ్రటి నల్లరాయి. ఆదెమ్మకు వరాలని ఒక్కతే కూతురు. ఆమెను అన్నిటికన్నా తూర్పున ఉన్న దీవికి ఇచ్చింది. వరాలు రెండుసార్లు పురిటికి పుట్టింటికి వచ్చింది, రెండుసార్లూ పుట్టిన బిడ్డ ఏడవకుండానే పోయింది. మూడోసారి నెలలు నిండుతున్నప్పుడు, ఆ పుట్టిల్లు అచ్చిరాలేదు గనుక ఈసారి పంపేది లేదని అత్తవారు కబురుచేశారు. ఆదెమ్మ ఆ కబురు విని ఒక పూటంతా ఏడ్చి, లేచి, ఇలవేల్పును పీటమీంచి తీసి పసుపుగుడ్డలో మూటకట్టింది. బిడ్డ నేలమీద పడే వేళకు తానూ, తన ఇలవేల్పు తల్లీ అక్కడ ఉండాలని, ఉంటే ఈ బిడ్డ దక్కుతుందని ఆమె నమ్మకం. ముడి కట్టిన చేత్తోనే పడవ పట్టుకుని, దారిలో మా దీవిలో దిగింది.

దిగిందే గాని, అక్కడి పద్ధతికీ ఆమె మూటకూ పొత్తు కుదరలేదు. తక్కినవాళ్ళ మూటల్లో బట్టలూ బియ్యమూ ఉంటాయి కనుక పెట్టినచోట ఉంటాయి. ఆదెమ్మ మూటలో గుండ్రాయి ఉండడం వల్ల, ముడిని తూర్పుకు పెట్టి ఆమె చెమట తుడుచుకునేలోగా అది ఇసుకలో దొర్లి మరోవైపు చూసేది. మొదట ఆమెను ఉప్పుదీవికి చేర్చారు. తిరిగొచ్చాక, మనుషులే లేని పిట్టలదీవికి చేర్చారు.

“మళ్ళీ వచ్చీసేవేటమ్మా?” అంది గవరమ్మ, గంజి పోస్తూ.

“నానెక్కడికీ ఎల్నేదు తల్లీ. ఆలే తీస్కెల్లి ఆలే తెచ్చేరు.”

“పిట్టలదీవిలో సూసేవేటి?”

“పిట్టల్ని.”

వెళ్ళబోయేదాన్ని అడగకూడదు గాని వెళ్ళివచ్చినదాన్ని ఎంతైనా అడగవచ్చు కనుక గవరమ్మ ఆ పిట్టల రంగూ రూపూ అన్నీ అడిగి తెలుసుకుంది. ఈ ముసలిది అసలు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న మాత్రం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఊళ్ళో ఎవరింట ఏ కూర ఉడుకుతోందో పొగ చూసి చెప్పగల మనిషి, ఆ ఒక్క సంగతి తెలియక మూడుపూటలా అన్నం సయించక చిక్కిపోయింది.

ఇక్కడ ఇలా ఉండగా, తూర్పున ఆ దూరపుదీవిలో వరాలుకు దిగులు పట్టుకుంది. నొప్పులు వచ్చేవేళకు తల్లి చేయి పట్టుకోకపోతే ఈ బిడ్డా నిలవదని ఆమెకు తోచింది. భర్తను బతిమాలి, అత్తను ఒప్పించి, పుట్టింటికి పడవ ఎక్కింది. ఆమె మా దీవిలో దిగిననాడు ఆదెమ్మ పిట్టలదీవిలో ఉంది. ఆదెమ్మ తిరిగి తూర్పు రేవులో దిగేసరికి వరాలు ఊరు దాటి, పడమటి రేవులో సూరీడమ్మ ఇంట చేరింది. ఆవైపు కెరటాలు లేచి తీరం పడవలు ఆగిపోయాయి. కూతురి కోసం వచ్చిన తల్లి తూర్పున, తల్లి కోసం వచ్చిన కూతురు పడమట, నడుమ కేకేస్తే వినబడేంత ఊరు. సూరీడమ్మ, తన ఇంట ఒక నిండుచూలాలు పడమటికి చూస్తూ ఏడుస్తోందని తన వైపువాళ్ళకు చెప్పింది. గవరమ్మ, తన ఇంట ఒక ముసలమ్మ తూర్పుకు చూస్తూ ఏడుస్తోందని తన వైపువాళ్ళకు చెప్పింది. ఊరిలో ఈ రెండు మాటలూ తెలియని ప్రాణి లేదు. రెంటినీ ఒకచోట పెట్టి చూసిన ప్రాణీ లేదు.

అలా ఉండగా ఒకనాటి ఉదయం ఆదెమ్మ మూట ఇసుకలో దొర్లి, ముడి నేరుగా పడమటికి తిరిగి ఆగింది. ఆమె దాన్ని తూర్పుకు తిప్పింది, అది పడమటికి తిరిగింది. చుట్టూ రాళ్ళు పేర్చింది, అది రాళ్ళను తోసుకుని తిరిగింది. ఆవేళ గాలి లేదని అందరూ ఒప్పుకుంటారు.

“ముసలమ్మా, నీ మూట ఎనక్కి పోతానంతంది. ఇది మా పని గాదు, ఆ రేవుకి పో!” అని పడవవాళ్ళు నవ్వి తెరచాప ఎత్తారు.

ఆదెమ్మ మూటను ఒళ్ళో పెట్టుకుని, “ఇంటికి పొమ్మంతావేటే తల్లీ? నా గుంటకి పొద్దులు దగ్గిరడిపోనాయే! నువ్వే ఎనక్కి తిరిగిపోతే దానికి దిక్కెవులే?” అని ఏడ్చింది. గవరమ్మ ఆ ఏడుపు చూడలేక, ఆమెను పడమటి రేవు దారి పట్టించి, నడుమనున్న గుడిసెదాకా సాగనంపుతానని వెంట వచ్చింది. గుడిసె తూర్పు గోడ దగ్గరకు వచ్చేసరికి మూట ఒక్కసారిగా పెనుబరువై, ఆదెమ్మ చేతుల్లోంచి జారి నేలలో కూరుకుంది. ఆమె దాని పక్కనే కూలబడిపోయింది.

సరిగ్గా ఆ వేళకే పడమట వరాలుకు నొప్పులు మొదలయ్యాయి. పురుడుపోయాలంటే గవరమ్మ కావాలి, గవరమ్మను పిలవాలంటే సూరీడమ్మ మాట్లాడాలి. పాపం ఆమె ధర్మసంకటం ఆమెది. పిల్లను పొదివి పట్టుకుని గుడిసె పడమటి గోడదాకా తెచ్చింది గాని, అక్కడినుంచి కాలు ముందుకు పడలేదు. గోడ అవతల తోడికోడలి కాలికడియాల చప్పుడు పోల్చుకుని, ఒకసారి దగ్గింది. ఇవతలినుంచి గవరమ్మ కూడా, తానేం తక్కువ తినలేదని, దగ్గింది. ఇద్దరూ మర్యాదగా కొంతసేపు దగ్గుకున్నారు. పరాయి ఊళ్ళో కేకవేయడానికి సిగ్గుపడి వరాలు కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. ఆ గోడకు ఈవల తల్లి, ఆవల కూతురు, మధ్య మౌనస్వామి.

అప్పుడు ఒక గొంతు, పెద్దదీ కాదు చిన్నదీ కాదు, ఇంట్లోంచి పిలిచినట్టు వినిపించింది.

“ఎక్కడికే అమ్మా?”

కోళ్ళు మేత మాని తలలెత్తాయి. సూరీడమ్మ చెవులు మూసుకుంది. ఆ ఊళ్ళో ఎన్ని తరాలుగానో ఎవరూ విననీ, అననీ మాట అది. వరాలు నోట్లోంచి కొంగు జారిపోయింది.

“మాయమ్మ కాడికి,” అంది ఏడుస్తూ. “ఈ గుంటైనా బతకాలని.”

“వరాలూ!”

గోడ చుట్టూ తిరిగి రావచ్చునన్న ఆలోచన ఆదెమ్మకు రాలేదు. తూర్పు గోడ తాటాకులు చీల్చుకుని గుడిసెలోకి దూరి, స్వామిని దాటి, పడమటి గోడ చీల్చుకుని అవతల తేలి, కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. ఆమె చేసిన దారినే గవరమ్మ కూడా దూరింది.

“నిలబడి సూస్తావేటే? ఏన్నీల్లు పెట్టు!” అన్నది, ఇన్నేళ్ళ తరువాత ఆమె తోడికోడలితో ఆడిన మొదటి మాట.

“నాకు నువ్వు సెప్పాలేటి? ఎప్పుడో పెట్టీసేను!” అన్నది రెండో మాట. పెట్టలేదు, చెప్పాక పరుగెత్తి పెట్టింది.

మధ్యాహ్నానికి ఆ గుడిసెలోనే వరాలు ఆడపిల్లను కన్నది. పిల్ల కళ్ళు తెరవలేదు, ఏడవలేదు. గవరమ్మ వీపు తట్టింది, కాళ్ళు రుద్దింది. వరాలు మొహం గోడవైపు తిప్పుకుంది. ఈ ఏడవకపోవడం ఆమెకు తెలిసినదే. ఆదెమ్మ పిల్లను అందుకుని, గోడ చిరుగులోంచి బయటకు వచ్చి, భూమిలో కూరుకున్న ఆ మూటమీద పడుకోబెట్టింది. “అడిగింది నువ్వే గందా! జవాబు సెప్పేం. ఇంక నీదే బారం,” అంది. ముడి దానంతటదే వదులై పసుపుగుడ్డ విడిపోయింది. చల్లని రాయి వీపుకు తగిలి పిల్ల ఉలిక్కిపడి, ఊపిరి లాక్కుని, రెండు రేవులకూ వినిపించేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆవేళ పడవలు కట్టినవాళ్ళు కట్టినట్టే ఉండిపోయారు.

ఆ గొంతు ఎవరిదన్న విషయంలో మూడు అభిప్రాయాలున్నాయి. అది మౌనస్వామిదే అని కొందరు. అవునా కాదా అని ఆయనను అడిగారు గాని, ఆయన చెప్పే స్థితిలో లేడన్నది అడిగాక గుర్తొచ్చింది. ఉండబట్టలేక గవరమ్మే అడిగేసిందని సూరీడమ్మ వైపువాళ్ళు. గవరమ్మ తన రోటిమీద ప్రమాణం చేసింది. పొత్రం లేని రోటిమీద ప్రమాణం చెల్లదని వాళ్ళు. కాని అడిగింది అమ్మవారేనని ఆదెమ్మకు తెలుసు, ఊరికీ ఆ తరువాత తెలిసింది. రాయిని ఎంతమంది పట్టి లేపినా లేవకపోవడంతో అక్కడే గుడి కట్టారు. అడిగినమ్మ అని ఆమెకు పేరు వచ్చింది, ఆమెవల్ల పేరులేని ఆ దీవికి అడిగినమ్మ రేవని పేరు వచ్చింది. ఎవరూ అడగకుండానే ఆదెమ్మ, “ఇంకెక్కడికీ నేదు,” అని గుడిసె చిరుగు పక్కన కూర్చుండిపోయింది.

ఆ గోడ చిరుగు ఇప్పటికీ ఉంది. దాన్ని గుడి గోడగా రాతితో కట్టారు గాని చిరుగును చిరుగులాగే వదిలారు. ఇప్పుడు లాంచీలు వచ్చాయి, గుడికి ఆనుకునే టిక్కెట్ల గది వచ్చింది, సంచులు వీపున వేసుకుని దేశదేశాలవాళ్ళు వస్తున్నారు. ఆ గదిలో కూర్చున్న గుమాస్తా మావాడే కనుక ఎవరినీ ఎక్కడికని అడగడు. సంచి వంక చూసి ఊరుకుంటాడు. వచ్చినవాళ్ళు తికమకపడి, కోపగించుకుని, చివరికి ఎవరో దారి చూపిస్తే గుళ్ళోకి వస్తారు. అక్కడ పూజారి వాళ్ళ తలమీద చేయి వేసి, అమ్మవారి తరఫున ‘ఎక్కడికే అమ్మా?’ అని అడుగుతాడు. మీసాలున్నవాళ్ళనైనా అలాగే అడుగుతాడు. చెప్పిన జవాబు చిరుగులోంచి గుమాస్తాకు వినిపించి, టిక్కెట్టు అందులోంచే వస్తుంది.

ఏటా కెరటాలు లేచి రెండు రేవులూ ఆగిన రోజున జాతర. ఆనాడు తూర్పువీధి నుంచి రోలు, పడమటివీధి నుంచి పొత్రం మేళతాళాలతో గుడికి వస్తాయి. రెంటినీ కలిపి పిండి రుబ్బి, అమ్మవారికి అట్టు నైవేద్యం పెట్టి, సాయంత్రానికి ఎవరిది వాళ్ళు పట్టుకుపోయి మళ్ళీ మాటలు మానేస్తారు.

అన్నట్టు, మొదటి జాతర రోజున అమ్మవారి తరఫున ఆదెమ్మ మొట్టమొదట అడిగింది మౌనస్వామినే. ఆయన వ్రతం విడిచి, చాలాసేపు ఆలోచించి, “గుర్తులేదు తల్లీ,” అన్నాడు. ఆదెమ్మ ఆయనను కూర్చోబెట్టి అట్టు వేసి పెట్టింది. అందుకే ఇప్పటికీ ఎక్కడికని అడిగినప్పుడు తెలియదన్నవాళ్ళను చూసి గుళ్ళో ఎవరూ నవ్వరు, పొమ్మనరు. ఆకు వేసి వేడి అట్టు పెడతారు. తిన్నాక అమ్మవారు మళ్ళీ అడుగుతుంది. తొందరేమీ లేదు, మా ఊరివాళ్ళమంతా అలా తింటూ ఉండిపోయినవాళ్ళమే.